గేజీ డబ్బాలో రెండో ప్రోగ్రాం

పిట్టలగూడెం కాలువకు చిట్టచివరి ఊరు. నందికొండ దగ్గర విడిచిన నీళ్లు ఎన్నో తూములు దాటి, ఎన్నో ఊళ్ల మడులు తడిపి, మిగిలితే అక్కడికి చేరాలి. ఆ యాసంగిలో మిగల్లేదు. రోజూ కొంచెంగానైనా నీళ్లిస్తామన్నారు. తీరా ఊరి దగ్గరికి వచ్చేసరికి కాలువ అడుగున సన్నటి పాయ తప్ప ఏమీ ఉండటం లేదు. వరి పొట్టకొచ్చే వేళ మడుల్లో పర్రెలు పడ్డాయి.

ఊరి కోపమంతా ఐలేశం మీదికి మళ్లింది. ఐలేశం లష్కర్. కాలువ కట్ట మీద తిరుగుతూ తూములు ఎత్తడం, దించడం, గండ్లు పడకుండా చూసుకోవడం అతని పని. పాతికేళ్లుగా అదే చేస్తున్నాడు. ఊరికి మూడు కిలోమీటర్ల పైన, పెద్దకాలువ నుంచి వీళ్ల పిల్లకాలువ చీలేచోట ఒక స్తంభానికి డబ్బా బిగించి ఉంది. రాష్ట్రం వచ్చిన మూడేళ్లకు పెట్టిన డబ్బా అది. కింద పారే నీళ్ల లోతు కొలిచి, ఎర్రటి అంకెల్లో చూపించి, అదే లెక్కను నీటిపారుదల ఆఫీసుకూ పంపుతుంది. ఆ డబ్బా రోజూ రెండున్నర, మూడు ఫీట్ల నీళ్లు పిల్లకాలువలోకి పోతున్నాయని చెబుతోంది. మూడు ఫీట్లు పోయినవి ఊరికి చేరలేదంటే మధ్యలో ఎవరో మళ్లించుకుంటున్నట్టే. లష్కర్‌కు తెలియకుండా అది జరుగుతుందా? ఆఫీసు వాళ్లు ఐలేశానికి మెమో ఇచ్చారు. ఊళ్లో వాళ్లు మాటలు మానేశారు. గొర్రెలు కాసే గుర్వమ్మ అయితే చాయ్ హోటల్ ముందు పదిమందిలో నిలదీసింది.

"అక్కా అని పిలుస్తవు గదర. అక్క కడుపు మీద కొడుతవా?" అంది.

ఐలేశం టవల్ దులుపుకుని వెళ్లిపోయాడు.

అన్నదే గానీ గుర్వమ్మకు ఆ తర్వాత మనసులో ఏదో కుదురుకోలేదు. ఆమెకు నలభై గొర్రెలు. పొద్దున ఆ డబ్బా దాటి మేతకు తోలుకుపోయి, సాయంత్రం మళ్లీ దాని పక్క నుంచే తోలుకొస్తుంది. అక్షరాలు రావు గానీ బస్సుల నంబర్లు, ఫోన్ నంబర్లు గుర్తుపెట్టుకునీ గుర్తుపెట్టుకునీ అంకెలు బాగా వచ్చు. ఒక పొద్దున ఆమె కోడలి దగ్గరికి వచ్చి నిలబడింది.

కోడలు శోభ నల్లగొండలో పాలిటెక్నిక్ చదివి, హైదరాబాద్‌లో ఆరేళ్లు టీవీ సెట్‌టాప్ బాక్సుల ప్రోగ్రాములు విప్పి బాగుచేసే చోట పనిచేసింది. పెళ్లయ్యాక హాలియా బస్టాండ్ ఎదురుగా దుకాణం పెట్టింది. కెమెరా రికార్డర్లు, కాంటాలు, మోటర్ స్టార్టర్లు, ఏది తెచ్చినా విప్పుతుంది. తెలియని వస్తువును చూస్తే భయపడే రకం కాదు. ఆ వేళ ఆమె దుకాణానికి బయలుదేరుతోంది.

"శోభా, ఒక్క మాట ఇను. మొన్న గొర్లు నీళ్లు తాగనీకె కాలువల దిగినయి. మోకాళ్లు సుత తడ్వలే. పైన డబ్బ మీద సూస్తె రెండు సుక్క ఏడు. గొర్రె మోకాలు తడ్వని నీళ్లకు గన్ని ఫీట్లేంది?"

"ఎండ పడి అంకె సరిగ కనపడలేదేమో అత్తమ్మా."

"నా కండ్లకేమైంది? ఇంకోటి గూడ ఇను. పొద్దుగాల నేను పొయ్యే యాళ్లకు రెండు సుక్క ఏడు. మల్ల మలుపుకొచ్చే యాళ్లకు మూడు సుక్క ఒకటి. నిన్న గదే, మొన్న గదే. నెల దినాలసంది గదే. నీళ్లు గూడ గడియారం సూసుకోని పార్తయా బిడ్డా?"

చేతిసంచి భుజాన వేసుకుంటున్న శోభ ఆగిపోయింది. సంచి మళ్లీ మంచం మీద పెట్టింది.

"దా అత్తమ్మా. నేను గూడ వస్త."

ఆ రోజు ఏడు గంటలకు డబ్బా మీద 2.7 ఉంది. ఎనిమిదిన్నరకు 2.6. తొమ్మిదింబావుకు 2.8. శోభ ఫోన్‌లో ఫొటోలు తీసుకుంది. మరునాడు దుకాణం ఆలస్యంగా తెరుస్తానని బోర్డు పెట్టి మళ్లీ వచ్చింది. ఏడుకు 2.7. ఎనిమిదిన్నరకు 2.6. తొమ్మిదింబావుకు 2.8. చిన్న తేడా కూడా లేదు. మధ్యలో ఒక్కసారి అంకె మారకముందే ఎంత మారుతుందో తనే పైకి చెప్పింది. అంతే మారింది. గుర్వమ్మ నవ్వింది. శోభ నవ్వలేదు. అప్పటికే ఆమె తలలో ఆ డబ్బా మూత విప్పి ఉంది.

నీటిపారుదల ఆఫీసులో డీఈ రఘుపతి యాభై దాటిన మనిషి. ఫైళ్ల మధ్య నుంచి తలెత్తి, శోభ చెప్పినదంతా విని, కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. తెర మీద ఆ డబ్బా పంపిన గీత అందంగా పైకీ కిందికీ వంపులు తిరిగి ఉంది.

"చూడమ్మా. ఒక్క పూట కూడా లెక్క రాకుండా లేదు. మిగతా డబ్బాలే అప్పుడప్పుడు మొరాయిస్తున్నయి. అన్నిట్లో బాగా పనిచేస్తున్నది ఇదే."

"అందుకే అనుమానం సార్. జర నిన్నటి గీత మీద మొన్నటి గీత పెట్టి చూడండి."

రఘుపతి పెట్టాడు. రెండు గీతలు ఒక్కటిగా కనబడ్డాయి. ఇంకో రోజుది పెట్టాడు. అదీ వాటిలోనే కలిసిపోయింది. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"పెట్టిన కంపెనీ మూతపడ్డది. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. నువ్వేం చేయమంటావ్?"

"రేపు పొద్దున తొమ్మిదింటికి అక్కడికి రండి. ఒక గమేళా తెస్త. దాంతోనే తేలుతది."

ఆ మాట ఎంత నిబ్బరంగా అందంటే, రఘుపతి కాదనలేకపోయాడు.

మరునాడు డబ్బా దగ్గర నలుగురు చేరారు. రఘుపతి, శోభ, గుర్వమ్మ, ఐలేశం. గుర్వమ్మ, ఐలేశం చెరో పక్క నిలబడ్డారు. స్తంభం నుంచి కాలువ మీదికి చాచిన ఇనుప చేతి చివర గిన్నెలాంటి సెన్సర్ ఉంది. అది కిందికి శబ్దం పంపి, నీళ్లకు తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు లెక్క కడుతుంది. శోభ మట్టి మోసే ఇనుప గమేళాను పొడుగాటి బొంగుకు కట్టి, సరిగ్గా సెన్సర్ కిందికి జానెడు దూరంలో పట్టుకోమని ఐలేశానికి ఇచ్చింది.

"ఇప్పుడు దానికి నీళ్లు జానెడు దగ్గరికి వచ్చినట్టు కనపడాలె సార్. కాలువ నిండి పొర్లుతున్నదని చెప్పాలె."

డబ్బా 2.6 దగ్గరే ఉంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. ఐలేశం బొంగు దించలేదు. తొమ్మిదింబావు అయింది. గమేళా అక్కడే ఉండగా అంకె ఒక్కసారి మినుక్కుమని 2.8 అయింది.

రఘుపతి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "సెన్సర్ పోయింది. కొత్తదానికి రాస్తా."

"సెన్సర్ పోతే అంకె ఒక్క కాడ ఆగాలె, లేకుంటే సున్న రావాలె. గిది నడుస్తున్నది. సెన్సర్ చెప్పేది ఇనకుండ లోపలి ప్రోగ్రాం సొంతంగ చెప్తున్నది. దీంట్ల మెమరీ కార్డు ఉంటది. ఒక్క దినం నాకియ్యండి సార్. కార్డు మీద ఒక్క అక్షరం మార్చ. దాని అచ్చు తీసుకోని, కార్డు మీ చేతుల పెడ్త."

"ప్రభుత్వ వస్తువమ్మా అది."

"అందుకే కాయితం మీద రాసియ్యమంటున్న. మీ మనిషిని కూడ తోలుండి. నా ముందట కూసుంటడు."

రఘుపతి జీపు బానెట్ మీదే కాగితం పెట్టి రాసిచ్చాడు. కార్డుతో పాటు వెళ్లాల్సిన మనిషిగా ఐలేశం పేరు రాశాడు. మెమో ఇచ్చిన చేత్తోనే ఆ పేరు రాయడానికి కాస్త ఆగాడు గానీ, రాశాడు.

హాలియా దుకాణంలో ఐలేశం స్టూలు మీద కూర్చున్నాడు. శోభ కార్డును తన యంత్రంలో పెట్టి, దాని మీద రాత పడకుండా తాళం వేసి, మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఉన్నదున్నట్టు నకలు తీసింది. ఖాళీగా కనిపించే చోట్లు కూడా వదల్లేదు. తీసిన నకలు, కార్డు రెండూ ఒకటేనని సరిచూసి, కార్డును కవర్లో పెట్టి ఐలేశం జేబులో వేయించింది.

"గింతేనా బిడ్డా?"

"ఇప్పుడే మొదలు చిన్నాయినా."

నకలు తెరిస్తే తెర నిండా అంకెలు, అక్షరాలు పొట్టుపొట్టుగా పరుచుకున్నాయి. మొట్టమొదట చిన్న ముక్క ఉంది. డబ్బాకు కరెంటు రాగానే ముందు లేచేది అదే. దాన్ని బూట్‌లోడర్ అంటారు. అది లేచి అసలు ప్రోగ్రాంను వెతికి, లేపి, పని అప్పగించి తప్పుకుంటుంది. దాని వెనక కొంత దూరంలో ఒక పెద్ద ప్రోగ్రాం, ఇంకా వెనక మరో చిన్న ప్రోగ్రాం ఉన్నాయి. రెండెందుకని శోభ అనుకుంది. సమాధానం బూట్‌లోడర్‌లోనే ఉండాలి.

కానీ మధ్యాహ్నం దాకా అది లొంగలేదు. యంత్రం భాషను మనిషి చదివే ఆజ్ఞలుగా విప్పుతుంటే ప్రతి ఆజ్ఞా ఎక్కడో ఖాళీలోకి వేలు చూపిస్తోంది. ఫలానా చోట ఉన్న మాట తీసుకో అంటుంది, అక్కడ మాట ఉండదు. రెండు గంటలు అలా గడిచాక శోభ కుర్చీ వెనక్కి జరిపి, తెచ్చుకున్న సద్ది విప్పి, ఐలేశానికి సగం పెట్టింది. తింటుండగానే తప్పు తట్టింది. ప్రోగ్రాం కార్డులో ఉన్నచోటే పనిచేయదు. లేచాక డబ్బా మెమరీలో వేరే చోటికి వెళ్లి కూర్చుంటుంది. దాని వేలు చూపులన్నీ ఆ చోటి నుంచి. తను కార్డులోని చోటి నుంచి లెక్క కడుతోంది. మాటలు ఉన్న చోట్లకూ, ఆజ్ఞలు చూపే చోట్లకూ మధ్య దూరం కొలిచింది. అన్నిటికీ ఒకటే దూరం. దాన్ని కలిపి మళ్లీ విప్పింది. వేళ్లన్నీ సరైన మాటల మీద వచ్చి వాలాయి.

"ఇగ చెప్తది," అంది చేయి కడుక్కుంటూ.

చెప్పింది. బూట్‌లోడర్ ముందు పెద్ద ప్రోగ్రాంలోని గడులన్నిటినీ ఒక పద్ధతిలో కూడుతుంది. కూడగా వచ్చినది, ముందే రాసిపెట్టిన లెక్కతో సరిపోతే దాన్ని లేపుతుంది. సరిపోకపోతే అది పాడైందని వదిలేసి, చప్పుడు చేయకుండా చిన్న ప్రోగ్రాంను లేపుతుంది. శోభ అదే పద్ధతిలో కూడి చూసింది. సరిపోలేదు. పెద్ద ప్రోగ్రాం మధ్యలో ఐదు వందల చిల్లర గడులు తుడిచిపెట్టినట్టు ఖాళీగా ఉన్నాయి. అది నడిచినన్నాళ్లూ రాసుకున్న చిట్టా కూడా కార్డులోనే దొరికింది. చివరి వాక్యం జనవరి తొమ్మిది, సాయంత్రం నాలుగూ పది. బ్యాటరీ బలం పడిపోయి లేచిందని రాసి ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

చిన్న ప్రోగ్రాం విప్పగానే మొదటి మాటే 'డెమో' అని కనిపించింది. శోభ నోట్లోంచి "అమ్మ నీ" అని వచ్చి ఆగింది.

"ఏందది?" అన్నాడు ఐలేశం.

"కంపెనీ వాళ్లు అమ్ముకునేటప్పుడు డబ్బను ఏ ఎగ్జిబిషన్ల్నో బల్ల మీద పెట్టి చూపిస్తరు. అక్కడ నీళ్లు ఉండయి గద. అందుకని ఉత్తుత్తి అంకెలు చూపించే ప్రోగ్రాం రాసుకున్నరు. అసలుది చెడిపోతే దీన్ని లేపమని ఎవడో పెట్టి, తియ్యడం మర్చిపోయిండు. పావుగంటకొకటి, దినానికి తొంభై ఆరు అంకెలు. వరుసగ ఉన్నయి." ఆమె తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. "అర్ధరాత్రి నుంచి లెక్కేస్తే పొద్దున ఏడుకు ఇరవై తొమ్మిదోది. ఇరవై ఏడు అని ఉంది. అంటే రెండు చుక్క ఏడు."

"ఐదున్నరకు?"

"డెబ్బై ఒకటోది. ముప్పై ఒకటి."

ఐలేశం చొక్కా లోపలి నుంచి గేజీ బుక్కు తీశాడు. రోజూ రెండు పూటలా డబ్బా మీది అంకె రాసుకునే పుస్తకం. జనవరి తొమ్మిది దాకా అంకెలు రకరకాలుగా ఉన్నాయి. పది నుంచి పేజీ తర్వాత పేజీ 2.7, 3.1. తన చేతిరాతే. రెండు నెలలు రాస్తూ తనకే అనుమానం రాలేదు.

"రాసుడే గని ఎన్నడు సూడలే," అన్నాడు. పుస్తకం మూసి, "నేను నీళ్లు అమ్ముకోలేదని గందుల రాసి ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు.

"నీ పేరు లేదు చిన్నాయినా. కానీ డబ్బ చెప్పిన నీళ్లన్నీ ఉత్తుత్తియే అని మాత్రం ఉన్నది. రాని నీళ్లను ఎట్ల అమ్ముతవు?"

ఐలేశం ముఖం మీద టవల్ కప్పుకున్నాడు. శోభ తెర వైపు తిరిగి, చేయాల్సిన పని ఉన్నట్టు మీటలు నొక్కుతూ కూర్చుంది. నిజానికి పని ఉంది కూడా.

ఆ సాయంత్రమే నకలు, గేజీ బుక్కు, తన రాతలు పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. రఘుపతి ఈసారి కుర్చీ చూపించాడు. పై ఆఫీసు చేసిందేమిటో అప్పుడు తేలింది. పిల్లకాలువలో మూడు ఫీట్లు పోతున్నాయని నమ్మి, ఎక్కువైతే గండి పడుతుందని, పెద్దకాలువ నుంచి దాంట్లోకి నీళ్లు వదిలే షట్టర్‌ను రెండు నెలలుగా కిందికి దించి ఉంచారు. దొంగతనం ఎక్కడా జరగలేదు.

"షట్టర్ ఇప్పుడే లేపిస్తా," అన్నాడు రఘుపతి.

"లేపుండి. కానీ ఎంత లేపాలెనో చెప్పనీకె డబ్బ కావాలె గద సార్. కండ్లు మూసుకోని లేపితే నిజంగనే గండి పడ్తది. ఎగువ, కాలువ నీళ్లు కిందికి దుంకే డ్రాపు కాడ ఇసొంటి డబ్బనే ఉంది. దాని కార్డు గూడ చూపిస్తే రేపు మాపటికల్లా బాగుచేస్త."

ఎగువ డబ్బా కార్డు నకలు తీసి, రెండు పెద్ద ప్రోగ్రాములను పక్కపక్కన పెట్టి గడి గడికీ పోల్చింది. ఎక్కడా తేడా లేదు, ఆ ఖాళీ అయిన ఐదు వందల చిల్లర గడుల్లో తప్ప. వాటిని ఇక్కడి నుంచి అక్కడికి దింపి, బూట్‌లోడర్ పద్ధతిలోనే మళ్లీ కూడింది. రాసిపెట్టిన లెక్కతో చివరి అంకె దాకా సరిపోయింది. పాత కార్డును ముట్టకుండా కొత్త కార్డు మీద అంతా రాసింది. ఒకచోట మాత్రం తన చేయి పెట్టింది. డెమో ప్రోగ్రాంలో తొంభై ఆరు అంకెల బదులు చిన్న అడ్డగీతలు పెట్టింది. ఇంకెప్పుడైనా అసలుది చెడిపోతే తెర మీద నాలుగు గీతలు కనిపిస్తాయి.

రఘుపతి అది విని వెనకాడాడు. "కంపెనీ ప్రోగ్రాంను మార్చొచ్చా?"

"కంపెనీ లేదన్నరు గద సార్. తెల్వకపోతే తెల్వదనాలె. ఉత్తుత్తి లెక్క చెప్తే మీరు నమ్మిండ్రు, ఊరు నమ్మింది. గీతలు చూస్తే ఎవరన్న ఫోన్ చేస్తరు."

"రాతపూర్వకంగ రాసివ్వండి. నేను సంతకం పెడతా," అన్నాడు రఘుపతి.

మరునాడు పొద్దున పదింటికి కొత్త కార్డు వేసి, లూజైన బ్యాటరీ తీగ బిగించి, మూత మూసింది. తెర నల్లగా అయింది. రఘుపతి, గుర్వమ్మ, ఐలేశం తలెత్తి దాన్నే చూశారు. శోభ మాత్రం చేతులు దులుపుకుంటూ కిందికి దిగింది. ఎర్రగా 0.7 వెలిగింది.

"గొర్రె మోకాలు," అంది గుర్వమ్మ.

ఐలేశం గమేళా పెట్టి చూస్తే అంకె ఎగిరి ఐదు దాటింది. తీస్తే మళ్లీ 0.7. రఘుపతి ఫోన్ తీసి షట్టర్ దగ్గరి మనిషికి చెప్పాడు. డబ్బాను చూస్తూ కొంచెం కొంచెంగా ఎత్తించారు. ఒంటిగంటకు 1.4, మూడింటికి 2.2. పొద్దు వాలకముందే నీళ్లు మురికి నురగను ముందు తోసుకుంటూ పిట్టలగూడెం పొలాల్లోకి దిగాయి. పర్రెల్లోకి నీళ్లు పోతుంటే గుటగుటమని చప్పుడు. అప్పటికే పూర్తిగా ఎండిపోయిన రెండు ఎకరాలను ఎవరూ తిరిగి తేలేకపోయారు గానీ, మిగతా ఊరి పంట నిలబడింది.

మెమో వెనక్కి తీసుకున్నారు. ఊరు మాత్రం అంత సులువుగా కలవలేదు. తప్పు తేలినా, తప్పు చేసినవాళ్లం మనమే అని ఒప్పుకోవడం కష్టం కదా. చాలామంది ఏమీ జరగనట్టు ఐలేశాన్ని పలకరించడం మొదలుపెట్టారు. గుర్వమ్మ అలా చేయలేదు. చాయ్ హోటల్ ముందు మనుషులు నిండుగా ఉన్న వేళ చూసి వచ్చింది.

"తమ్మీ, గీడనే నిన్ను అనరాని మాట అన్న. నల్గురిల అన్న మాట నల్గురిల్నే ఎనుకకు తీసుకోవాలె. తీసుకుంటున్న. నాదే తప్పు."

"ఊకో అక్కా," అన్నాడు ఐలేశం. ఆమె ఇప్పించిన చాయ్ తాగాడు. పక్క బల్ల మీది వాళ్లు జరిగి జాగా ఇచ్చినా అక్కడ కూర్చోలేదు, నిలబడే తాగాడు.

వారం తర్వాత రఘుపతి శోభ దుకాణానికి స్వయంగా వచ్చాడు. కాలువ మీద అలాంటి డబ్బాలు ఇంకా పదహారు ఉన్నాయి. వాటి గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుని వచ్చాడు.

"ఇంకో రెండు కూడా గడియారం చూసి నడుస్తున్నట్టున్నయి. మీకు వీలైతే రేపే పోదాం," అన్నాడు.

"రేపు కాదు సార్, ఇప్పుడే," అని శోభ బల్ల మీది కాంటాను పక్కకు జరిపి, తన యంత్రాన్ని సంచిలో పెట్టుకుని, దుకాణం షట్టర్ కిందికి లాగింది.